మార్కెట్ పడుతుంటే సిప్ ఆపేయాలా? కావలి నుంచి నా జవాబు

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఇందుకూరుపేట దగ్గర మీ నాన్నగారు లీజు గుంటల్లో రొయ్యలు సాగు చేస్తున్నారు. మీరు ఒక మేత కంపెనీలో ఉద్యోగం చేస్తున్నారు. 2024 సెప్టెంబరు నుంచి నెలకు పది వేలు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండులో వేసే వాయిదా) కడుతున్నారు, అందులో ఏడు వేలు స్మాల్ క్యాప్ ఫండ్లకే, అంటే చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్లకే పోతోంది. అది కాక స్నేహితుడు చెప్పాడని ఒక రొయ్యల మేత కంపెనీ షేర్లు లక్షన్నరకు కొన్నారు. ఇప్పుడు మొత్తం మీద 14 శాతం నష్టం కనిపిస్తోంది. వచ్చే ఏడాది చెల్లెలి పెళ్లి, దానికి రెండు లక్షలు ఈ డబ్బులోంచే ఇస్తానని మాటిచ్చారు. నాన్నగారేమో "ఎందుకురా ఈ టెన్షన్, తీసేసి బంగారం కొనిపెట్టు" అంటున్నారు. ఆపేయాలా, అమ్మేయాలా, ఇంకా పెట్టాలా అని అడిగారు.

నా జవాబు ముందే చెప్తాను. సిప్ ఆపొద్దు, కాని తగ్గించుకోండి. పెళ్లికి ఇవ్వాల్సిన రెండు లక్షలు నష్టమైనా సరే ఇప్పుడే మార్కెట్ నుంచి బయటికి తీయండి. తీసేటప్పుడు మేత కంపెనీ షేర్లతో మొదలుపెట్టండి. ఈ మూడింటిలో ఏదీ మార్కెట్ రేపు ఎటు పోతుందన్న అంచనాతో చెప్తున్నది కాదు.

నేను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన సలహాదారును కాను. కావలిలో రొయ్యల మేత, మందుల షాపు నడుపుతున్నాను, నా మిగులు కూడా మ్యూచువల్ ఫండ్లలోనే పెడుతున్నాను. మా షాపుకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది పొద్దున్నే ఫోన్లో రెండు ధరలు చూస్తారు, ఒకటి వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధర, ఇంకొకటి షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ. అందుకే మీ ప్రశ్న నాకు మా ఇంటి ప్రశ్నలాగే అనిపించింది.

2025 ఏప్రిల్ మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. 2వ తేదీన అమెరికా మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించింది. మన రొయ్యను అప్పటికి అందరికన్నా ఎక్కువగా కొనేది ఆ దేశమే. ఒకటి రెండు రోజుల్లోనే కొనేవాళ్లు ధర తగ్గించేశారు, కొందరు ఏజెంట్లయితే కొన్నాళ్లు పట్టుబడే (గుంటలో రొయ్యలు పట్టడమే) పెట్టుకోవద్దన్నారు. ఆ తర్వాతి సోమవారం, ఏప్రిల్ 7న, నిఫ్టీ లాంటిదే ఇంకో సూచీ సెన్సెక్స్ ఒక్క రోజులో 2,226 పాయింట్లు పడింది. 2024 సెప్టెంబరులో 26,277 దాకా వెళ్లిన నిఫ్టీ ఆ రోజు 21,743ను తాకింది. నెలజీతం నమ్మకంగా వచ్చే ఊళ్లలో అది పెట్టుబడికి తగిలిన దెబ్బ. మన దగ్గర మాత్రం ఆదాయం, పొదుపు రెండూ ఒకే వార్తకు, ఒకే వారంలో పడ్డాయి. మార్కెట్ గురించి తెలుగులో వచ్చే వీడియోలు ఎన్ని చూసినా ఈ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. నెల్లూరు, ప్రకాశం, మన రెండు జిల్లాల వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఆ వారం మా షాపులో ఖాతా ఉన్న ఇద్దరు రైతుల సంగతి చెప్తాను. ఇద్దరివీ లీజు గుంటలే, ఇద్దరూ చాలా కాలంగా ఇండెక్స్ ఫండులో (సూచీలో ఉన్న కంపెనీల షేర్లే కొనే ఫండు) కడుతున్నారు, ఇద్దరూ ఒకేలా భయపడ్డారు. అల్లూరు వైపు ఆయనకు లీజు గడువు, మేత బాకీ, కరెంటు బిల్లు మూడూ ఆ పట్టుబడి మీదే ఆధారపడి ఉన్నాయి. రొయ్య అమ్మితే వచ్చేది చాలదు. అమ్మకపోతే రోజూ మేత వేయాలి, ఏరేటర్లు తిప్పాలి. నేను బాకీకి గడువిచ్చాను గాని భూమి యజమాని ఆగలేదు. ఫండ్ మొత్తం అమ్మేశాడు. బోగోలు వైపు ఆయన ఒక కల్చర్‌కు (ఒక విడత రొయ్యల పెంపకానికి) సరిపడా మేత డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి పెట్టుకున్నాడు. దాన్ని గడువుకు ముందే తీసి కాస్త వడ్డీ వదులుకున్నాడు, ఫండ్ జోలికి మాత్రం పోలేదు. 9వ తేదీన అమెరికా ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేసింది. మే 12న సెన్సెక్స్ ఒక్క రోజులోనే 2,975 పాయింట్లు లేచింది.

అల్లూరు రైతుకు మార్కెట్ గురించి తెలియక కాదు నష్టం వచ్చింది. ఆగే వీలు ఆయనకు లేదు. వంద కౌంటు దగ్గర ధర పడిపోతే, మేత డబ్బు చేతిలో ఉన్నవాడు ఇంకొన్నాళ్లు పెంచి అరవై కౌంటుకు పట్టుకుందామని చూస్తాడు, అప్పు నెత్తిమీద ఉన్నవాడు పడిన ధరకే వల వేయిస్తాడు. ఫండ్ విషయంలోనూ అదే జరుగుతుంది. ధైర్యంగా ఉండండి, ఓపిక పట్టండి అని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇందుకే. ఓపిక మనసులోంచి ఒక్కటే రాదు, బ్యాంకు ఖాతాలోంచి కూడా రావాలి.

కాబట్టి మీ డబ్బును ఏ ఫండులో ఎంత ఉందని కాకుండా, ఏ నెలకు ఎంత కావాలని విడదీయండి. చెల్లెలి పెళ్లి వచ్చే ఏడాదంటున్నారు. ఏడాదిలో మార్కెట్ లేస్తుందో, ఇంకా పడుతుందో ఎవరికీ తెలియదు. 2020 మార్చి 23న, లాక్‌డౌన్ భయంతో, సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడింది. ఆ నవంబరుకే పాత గరిష్ఠాన్ని దాటేసింది. 2024 జూన్ 4న, ఎన్నికల లెక్కింపు రోజున, 4,390 పాయింట్లు పడి అదే వారంలో మళ్లీ లేచింది. ఈ రెండూ చూసిన కుర్రాళ్లు పడితే వెంటనే లేస్తుందన్న నమ్మకంలో ఉన్నారు. 2008 సంగతి వాళ్లకు తెలియదు. ఆ జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అక్టోబరుకు 8,000 కిందికి జారి, మళ్లీ 21,000 ముఖం చూడటానికి 2010 నవంబరు వచ్చింది. జపాన్‌ సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని దాటింది 2024 ఫిబ్రవరిలో. అలాంటి ఎదురుచూపుకు పెళ్లి ముహూర్తాన్ని ముడిపెట్టకూడదు. ఆ రెండు లక్షలు తీసి డిపాజిట్‌లోనో, లిక్విడ్ ఫండులోనో పెట్టండి. 14 శాతం పోయిందే అని బాధపడతారు, అది సహజం. కాని ఇప్పుడు పోయేది ఎంతో మీకు తెలుసు. పెళ్లికి నెల ముందు ఇంకో ఏప్రిల్ 7 వస్తే ఎంత పోతుందో తెలియదు.

ఫండ్లలోంచి తీయాల్సి వస్తే చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు తీసే యూనిట్ల మీద ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు పడే కోత) ఉంటుందని గుర్తుంచుకోండి. సిప్‌లో ప్రతి నెల కట్టిన వాయిదాకీ ఏడాది లెక్క వేరుగా నడుస్తుంది. పాత యూనిట్లే ముందు పోతాయి కాబట్టి మీకు పెద్ద భారం ఉండకపోవచ్చు, అయినా యాప్‌లో చూసుకుని అమ్మండి.

ఇక ఆ మేత కంపెనీ షేర్లు. వీటి గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, మీ మొత్తం ప్రశ్నలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది అదే. నాన్నగారి ఆదాయం రొయ్య మీద, మీ జీతం రొయ్య మీద, షేర్లూ రొయ్య మీదే. అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద మొత్తం సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మన వైపు సీడ్ (రొయ్య పిల్లలు) వేయడానికే రైతులు వెనకాడారు. సీడ్ వేయకపోతే మేత అమ్ముడుపోదు. అప్పుడు మీ ఇంట్లో మూడు వైపులా ఒకేసారి దెబ్బ. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చినా అంతే. "మాకు తెలిసిన రంగం కదా" అని మీ స్నేహితుడు చెప్పి ఉంటాడు, నిజమే, తెలుసు. రంగం తెలిసినంత మాత్రాన ఆ రంగం పడినప్పుడు మీకు వేరే ఆసరా ఉండదు. ఇదే మాట చీమకుర్తి గ్రానైట్ పని వాళ్లకూ, పొగాకు రైతులకూ చెప్తాను: మీ కూడు ఎక్కడి నుంచి వస్తోందో, పొదుపు అక్కడ పెట్టకండి.

ఇంకొక మాట. ఇండెక్స్ పడితే లేస్తుందన్న ఆశకు చరిత్ర కొంత ఆధారం ఇస్తుంది. ఒక కంపెనీ షేరుకు ఆ హామీ లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో దాదాపు 78 శాతం పడిపోయింది. మన తెలుగువాళ్ల కంపెనీ అన్న అభిమానంతో ఎన్ని ఇళ్లలో ఆ షేర్లు దాచుకున్నారో మన పెద్దవాళ్లను అడగండి. అదే ఏడాది చివరికి సెన్సెక్స్ 17,000 దాటింది. సత్యం వాటాదారులకు అది ఏ ఊరటా ఇవ్వలేదు. షేర్లు అమ్మి నష్టం చూపించినా అది వృథా కాదు. గడువు లోపల రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, రాబోయే లాభాల్లో తగ్గించుకోవచ్చు.

నాన్నగారి మాటను తేలిగ్గా తీసిపారేయకండి. మన వైపు బంగారమంటే ముచ్చట ఒక్కటే కాదు, పంట పోయిన ఏడాది బ్యాంకులో పెట్టి అదే రోజు డబ్బు తెచ్చుకునే దారి. ఆయన అదే చూసి పెరిగారు, ఆయన భయంలో న్యాయం ఉంది. పెళ్లికి ఎలాగూ నగలు కొంటారు కాబట్టి ఆ మేరకు ఇప్పటి నుంచే కొద్దికొద్దిగా కొనడం మంచి ఆలోచనే. పడిన ఫండ్లన్నీ అమ్మేసి, బాగా పెరిగిన బంగారంలో మొత్తం పోయడం మాత్రం వేరే సంగతి. బంగారమూ పడుతుంది. 2011 సెప్టెంబరులో ఔన్సుకు 1,900 డాలర్లు దాటిన ధర మళ్లీ అక్కడికి చేరింది 2020లో. 2025 అక్టోబరు 21న ఒక్క రోజే 5 శాతానికి పైగా పడింది. పైగా నగగా కొంటే 3 శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ ఎలాగూ ఉంటాయి, అవి అమ్మినప్పుడు తిరిగి రావు. ఈ లెక్క ఆయన పక్కన కూర్చుని కాగితం మీద వేసి చూపించండి, వాదించకండి.

నష్టం పూడ్చుకోవడానికి ఆప్షన్స్ (ధర ఎటు పోతుందన్న దాని మీద పందెం లాంటి వ్యాపారం) టెలిగ్రామ్ గ్రూపులో చేరమని ఎవరో అంటున్నారని చివర్లో రాశారు. దయచేసి వద్దు. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లు పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. మా బంధువుల్లో ఒక కుర్రాడు కొండపి వైపు తండ్రికి పొగాకు వేలంలో వచ్చిన డబ్బును ఇలాగే వారం వారం ఆప్షన్స్‌లో పెట్టాడు. ముందు కొంచెం లాభం వచ్చింది, ఆ లాభమే వాణ్ణి లోపలికి లాగింది. ఇప్పుడు ఆ తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోరు. ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టుంటుంది. ఆ గ్రూపు నడిపేవాడు సెబీ నమోదు సంఖ్య చూపించినా, అది నిజమో కాదో సెబీ వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి. ఇంతే లాభం గ్యారంటీ అన్నాడంటే ఇక వెతకాల్సిన పని కూడా లేదు.

మిగిలిన సిప్ సంగతి. ఏడు వేలు స్మాల్ క్యాప్‌లో పెట్టడం మీ ఇంటికి ఎక్కువ. 2025 మొదట్లో నిఫ్టీ పడినదానికన్నా చిన్న కంపెనీలు చాలా ఎక్కువ పడ్డాయి. అలా పడినప్పుడు పదేళ్లు ఆగగలిగేవాళ్లకు అవి సరే. మీ ఆదాయమే ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు పొదుపు కూడా అంత ఊగాల్సిన అవసరం లేదు. స్మాల్ క్యాప్ సిప్పులు ఆపి, నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండులో ఒకటే ఉంచండి. మొత్తం నాలుగు వేలా, ఆరు వేలా అన్నది గుంటల వ్యవహారం చూసి తేల్చాలి. ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు జరిమానా వేస్తుంది, కాబట్టి పట్టుబడి లేని నెలల్లో కూడా కట్టగలిగినంతే పెట్టుకోండి. చేతికి డబ్బు వచ్చిన నెలలో ఎక్కువ వేయాలనుకుంటే అప్పటికప్పుడు వేయవచ్చు, ఎవరూ కాదనరు. తగ్గించినందువల్ల మిగిలే డబ్బును ముందు డిపాజిట్‌లోకి పంపండి, ఒక కల్చర్ మేత ఖర్చూ ఆరు నెలల ఇంటి ఖర్చూ జమయ్యే వరకు. ఒక బ్యాంకులో ఒక మనిషి పేరున 5 లక్షల వరకు డిపాజిట్‌కు బీమా ఉంటుంది. అంతకు మించితే ఇంకో బ్యాంకులో వేయండి.

మీరు రాయని వివరం ఒకటి ఉంది. గుంటల లీజు ఏ నెలలో కట్టాలి, ఎంత కట్టాలి? మేత అప్పుగా తెస్తున్నారా, రొక్కం ఇచ్చి తెస్తున్నారా? నాన్నగారిని అడిగి ఆ రెండూ ఇక్కడ రాయండి, సిప్ ఎంత ఉంచుకోవచ్చో అంకెలతో లెక్క వేసి చెప్తాను. ఈలోపు పెళ్లి డబ్బు మాత్రం తీసి పక్కన పెట్టండి, దానికి నా తర్వాతి జవాబు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.