టెక్ సందేహాలు: కస్టమర్ల లిస్టుకి ఎక్సెల్ చాలదా?

ప్రశ్న: టైల్స్ కంపెనీలో సేల్స్ చూస్తాను. కస్టమర్ల వివరాలన్నీ ఎక్సెల్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు ఆఫీసు వాళ్లు సీఆర్ఎమ్ అనే, కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమంటున్నారు. ఇది మేనేజర్లు మా మీద నిఘా పెట్టడానికేనా?

జవాబు: మీ అనుమానం అర్థమైంది. కానీ ఈ రకం సాఫ్ట్‌వేర్ మొదట పుట్టింది మీలా రోడ్డు మీద తిరిగే సేల్స్ వాళ్ల కోసమే.

పూర్వం అమెరికా ఆఫీసు బల్లల మీద రోలోడెక్స్ అని ఒక కార్డుల చక్రం ఉండేది. పక్కనున్న పిడి తిప్పితే కార్డులు గిర్రున తిరిగేవి, ఒక్కో కార్డు మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. పేరైతే దొరికేది గానీ, ఆయనకి మంగళవారం మళ్లీ ఫోన్ చెయ్యాలన్న సంగతి కార్డు గుర్తు చెయ్యదు కదా, దానికి వేరే డైరీ, పోయినసారి ఏం మాట్లాడారో ఇంకెక్కడో కాగితం ముక్క మీద. 1986లో డల్లాస్‌లో కంపెనీ పెట్టిన ప్యాట్ సల్లివన్, మైక్ ముహ్నీ ఇద్దరూ సేల్స్ నుంచి వచ్చినవాళ్లే, అందుకే ఈ బాధ వాళ్లకి బాగా తెలుసు. మరుసటి ఏడాది అప్పటి కంప్యూటర్లలో ఉండే డాస్ మీద నడిచే 'యాక్ట్' అనే ప్రోగ్రాము తెచ్చారు. పేరు తెరిస్తే చాలు, పాత మాటలు, తర్వాత చెయ్యాల్సిన పని అక్కడే. అలాంటి ప్రోగ్రాములు అంతకుముందూ ఉన్నాయి గానీ జనం చేతిలోకి బాగా వెళ్లింది ఇదే. 1993లో దీన్ని సిమాంటెక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది.

జాన్ ఫెరారా వాళ్లు తెచ్చిన గోల్డ్‌మైన్ అనే ఇలాంటి ప్రోగ్రాముతో ఆఫీసులో నలుగురూ ఒకే లిస్టు చూడటం వచ్చింది. 1993లో మొదలైన సీబెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్ద కంపెనీల వైపు వెళ్లింది, అక్కడి నుంచే రిపోర్టులు, టార్గెట్లు మేనేజర్‌కి కనిపించే పద్ధతి బలపడింది. మీ టెన్షన్ అంతా ఈ రెండో సగం గురించే.

యాభై మంది లోపైతే ఎక్సెల్, ఫోన్ క్యాలెండర్ చాలు. అంతకు మించితే మారండి, ఎందుకంటే ఎక్సెల్ దాచిపెడుతుందే తప్ప తనంతట తాను గుర్తు చెయ్యదు. ఎక్కించే ముందు 'మళ్లీ ఎప్పుడు' అని ఒక కాలమ్ చేర్చి తేదీలు నింపండి. ఆ సాఫ్ట్‌వేర్ తేదీలో ముందు రోజు తీసుకుంటుందో, నెల తీసుకుంటుందో చూసుకోండి. లేకపోతే మార్చి 4న చెయ్యాల్సిన ఫోన్ ఏప్రిల్ 3న గుర్తు చేస్తుంది.