గాలిలో పేలిన రాకెట్ గురించి ఎలా రాయాలి

చిరంజీవికి ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తయారు చేసిన వీ-2 రాకెట్ మీద నువ్వు రాసిన అధ్యాయం చదివాను. చదివించే భాష నీది. కానీ కథను 1942 అక్టోబర్ 3న మొదలుపెట్టావు: జర్మనీలో బాల్టిక్ ఒడ్డున రాకెట్ కేంద్రం ఉన్న పీనెముండె తీరం, ఆకాశంలోకి దూసుకెళ్ళిన రాకెట్, చప్పట్లు. ఆ రోజు లేచింది మూడోది. జూన్ 13న లేచిన మొదటిది మబ్బుల్లో దూరి, ఎంతో దూరం పోకుండానే సముద్రంలో కూలింది. ఆగస్టు 16న రెండోది ధ్వని వేగాన్ని దాటింది గానీ దారిలోనే పాడైంది. ఈ రెండూ నీ పేజీల్లో లేవు. అవి లేకపోతే మూడోది 190 కిలోమీటర్లు వెళ్ళడం ఏదో అదృష్టంలా కనిపిస్తుంది. ఇంకా ప్రయోగ దశలో ఉన్న ఆయుధం గురించి రాసేవాడికి అసలు సరుకు కూలిపోయిన వాటిలోనే దొరుకుతుంది.

కూలడాన్ని రాయాలంటే నాలుగు సంగతులు తెలియాలి. కంటికి ఏం కనబడింది, ఇంజనీర్లు ముందు దేన్ని అనుమానించారు, ఆ అనుమానాన్ని ఎలా తేల్చుకున్నారు, చివరికి ఏ భాగం మార్చారు. ఈ నాలుగింటిలో రెండో సంగతిని దాదాపు అందరూ వదిలేస్తారు. కారణం ముందే తెలిసినట్టు రాసేస్తారు. అప్పుడు పాఠకుడికి ఆ మనుషుల అయోమయం అందదు.

పోలండ్‌లోని బ్లిజ్నా ప్రయోగాలు తీసుకో. అంతకుముందు రాకెట్లు బాల్టిక్ సముద్రంలో పడేవి, శకలాలు నీటిపాలయ్యేవి. 1943 చివర్లో బ్లిజ్నా నుంచి నేల మీదుగా వదలడం మొదలయ్యాకే అసలు రోగం బయటపడింది. చాలా రాకెట్లు పైకి బాగానే వెళ్ళి, దిగేటప్పుడు దట్టమైన గాలిలోకి రాగానే ముక్కలైపోతున్నాయి. ఇంధనంగా వాడే ఆల్కహాల్ ట్యాంకు వేడెక్కి లోపలి పీడనం పెరిగి పగులుతోందా? పైరేకు గాలి తాకిడికి చీలుతోందా? ఈ రాకెట్ రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజనీర్ ఫోన్ బ్రౌన్ స్వయంగా రాకెట్లు పడే చోటికే వెళ్ళి చూశాడు. (గురి అంత అధ్వానంగా ఉన్న రోజుల్లో గురిపెట్టిన చోటే క్షేమమని వాళ్ళ మధ్య ఓ జోకు.) ట్యాంకు చుట్టూ గాజు ఊలు చుట్టారు. రాకెట్ ముందు భాగానికి పైనుంచి గట్టి రేకు తొడుగు బిగించారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు రేకు లాగు. గాలిలో పేలడం బాగా తగ్గింది. పూర్తిగా ఆగిందని మాత్రం రాయకు, ఆగలేదు.

ఇదే ఘట్టాన్ని అవతలి వైపు నుంచీ చూడు. పేలకుండా మెత్తటి నేలలో దిగబడ్డ ఒక రాకెట్‌ను పోలండ్ రహస్య దళం దాచి, విప్పి, ముఖ్యమైన భాగాలను 1944 జూలైలో విమానంలో బయటికి చేరవేసింది. జర్మన్లకు తమ రాకెట్ ఎందుకు పేలుతోందో తేలకముందే, శత్రువు బల్ల మీద దాని భాగాలు పరిచి ఉన్నాయి. నీ అధ్యాయానికి ఇంతకంటే మంచి మలుపు కల్పించి రాసినా దొరకదు.

ఇక యంత్ర వివరణ. నువ్వు ఇంజిన్ మొత్తాన్ని ఒకే చోట కుమ్మరించావు. అలా కాదు. ఏ చిక్కు గురించి చెబుతున్నావో దానికి కావలసిన భాగాన్నే అక్కడ విప్పు. ట్యాంకుల్లోంచి ఇంధనాన్ని గ్యాస్ పీడనంతో నెడితే ట్యాంకు గోడలు మందంగా ఉండాలి, బరువు పెరుగుతుంది. అందుకే పంపులు పెట్టారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ విచ్ఛిన్నమై వచ్చే ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ పంపుల్ని తిప్పుతుంది. ఆల్కహాల్‌లో నాలుగో వంతు నీళ్ళు కలపడానికి ఒక ముఖ్య కారణం మంట వేడి తగ్గించడం. నిప్పుల ధారలో దిశ తిప్పే గ్రాఫైట్ పలకలు నాలుగు ఎందుకంటే, లేచిన మొదటి క్షణాల్లో వేగం చాలక తోక రెక్కలకు గాలి పట్టు దొరకదు. ‘ఎందుకు’ లేని భాగం పేరు పాఠకుడికి బరువే.

అంకెల దగ్గర తొందరపడకు. ఏ అంకెనైనా భాగించి చూసుకో. ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్ కలిపి సుమారు 8.7 టన్నులు, ఇంజిన్ మండే సమయం దాదాపు 65 సెకన్లు. అంటే సెకనుకు 130 కిలోల పైచిలుకు. నీ చిత్తుప్రతిలో సెకనుకు 13 కిలోలని ఉంది, సున్నా ఎక్కడో జారింది. వార్‌హెడ్ (రాకెట్ మోసే బాంబు భాగం) టన్ను అంటే అందులో పేలుడు పదార్థం టన్ను అని కాదు, ఉక్కు కవచం బరువు కూడా అందులోనే. బ్రిటిష్ పత్రాల్లోని టన్ను మెట్రిక్ టన్ను కంటే 16 కిలోలు ఎక్కువ. 320 కిలోమీటర్లు వీ-2 పరిధి, ఫలానా ప్రయోగంలో వెళ్ళిన దూరం వేరు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టకు.

ఇంజనీర్ల జ్ఞాపకాలనే నమ్ముకుని రాసినట్టున్నావు. యుద్ధం తర్వాత రాసుకున్న వాటిలో చాలామంది అంతరిక్ష కలల గురించే చెప్పారు, సొరంగాల ఊసు తగ్గించారు. 1943 ఆగస్టు 17-18 రాత్రి పీనెముండె మీద బ్రిటిష్ బాంబులు పడ్డాక, తయారీని నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ కిందికి మార్చారు. అక్కడ పని చేసింది నాజీల డోరా నిర్బంధ శిబిరం ఖైదీలు. ఈ రాకెట్ పడి చనిపోయిన వాళ్ళకంటే దాన్ని తయారు చేస్తూ చనిపోయిన వాళ్ళే ఎక్కువ. నువ్వు దీన్ని ఆఖరి పేరాలో సానుభూతి వాక్యంగా సరిపెట్టావు. దాని చోటు అది కాదు. ఆకలితో, దెబ్బలతో, ఉరికొయ్యల నీడలో బిగించిన రాకెట్లు ఎలా ఎగిరాయన్నది కూడా ఇంజనీరింగ్ ప్రశ్నే. తయారీ లోపాల గురించి రాసేచోటే ఆ మనుషులనూ రాయి. బతికి బయటపడ్డ వాళ్ళ వాంగ్మూలాలు ఉన్నాయి, వెతుకు.

తర్వాతి పుస్తకం మన హైదరాబాద్ క్షిపణుల మీద అన్నావు. మంచిది. అక్కడా ఇదే పద్ధతి. 1970లలో కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో, విమానాలను కూల్చే సోవియట్ ఎస్‌ఏ-2 క్షిపణిని విప్పి, అలాంటిదే తయారు చేయాలని చూసిన ప్రాజెక్ట్ డెవిల్‌ను ‘విఫలం’ అనే ఒక్క మాటతో దాటేయకు. అది క్షిపణిగా సైన్యం చేతికి రాలేదు, 1980లో ఆపేశారు. ఆ పనిలో పట్టుబడ్డ ద్రవ ఇంధన ఇంజిన్ పరిజ్ఞానం మాత్రం 1988 ఫిబ్రవరి 25న లేచిన పృథ్వికి అక్కరకొచ్చింది. ఏది ఎంతవరకు పనికొచ్చిందో భాగాల వారీగా చెప్పు.

అగ్ని క్షిపణి దగ్గర మరీ జాగ్రత్త. 1989 మే 22 నాటి విజయం అందరూ రాసిందే. దానికి ముందు ఏప్రిల్‌లో, మే మొదట్లో ప్రయోగం ఆగిపోయింది. విజయం తర్వాత 1992 మే 29న రెండోసారి వదిలితే విఫలమైంది. ఆగిపోయిన, విఫలమైన ఆ మూడు సందర్భాల చుట్టూ వచ్చిన దినపత్రికలు ముందు చదువు, తెలుగువి, ఇంగ్లిష్‌వి రెండూ. ప్రతి వార్త పక్కన, అందులో చెప్పిన కారణం ఎవరు చెప్పారో రాసి పెట్టుకో. ఆ కాగితాలు చేతిలో ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా వీ-2 అధ్యాయంలో జూన్, ఆగస్టు ప్రయోగాలు చేర్చి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో.