‘పిల్లలు యొక్క’ ఆటలా, పిల్లల ఆటలా?

సందేహం: మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లం సంక్రాంతికి వేయించిన కరపత్రంలో ‘పిల్లలు యొక్క ఆటల పోటీలు’ అని పడింది. తప్పనిపిస్తోంది గానీ ఎందుకో చెప్పలేకపోయాను. టీచర్స్ డే అని రాసేటప్పుడు ఇంగ్లీషులో ఎస్ తరవాత పైన ఓ గుర్తు పెడతారు కదా, తెలుగులో అలాంటిది లేదా అని మా అమ్మాయి అడుగుతోంది. – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: మీకు తోచింది నిజమేనమ్మా. ‘పిల్లల ఆటల పోటీలు’ అనాలి. ఆ రాసినవారే ‘ఆటలు యొక్క పోటీలు’ అనకుండా ‘ఆటల పోటీలు’ అని చక్కగా రాశారు చూడండి. నోటికి వచ్చిన పద్ధతే అది.

అమ్మాయి అడిగిన గుర్తు మనకూ ఉంది. మాట చివర ‘లు’ ‘ల’ కావడమే ఆ గుర్తు. ఇంగ్లీషులో ఒక టీచరుదైనా పదిమంది టీచర్లదైనా చెవికి ‘టీచర్స్’ అనే వినిపిస్తుంది. అందుకే రాతలో ఒక్కరిదైతే ఎస్‌కి ముందు, పలువురిదైతే ఎస్ తరవాత గుర్తు పెడతారు. ‘చిల్డ్రన్’ ఎస్ లేకుండానే బహువచనం కనుక అక్కడ గుర్తు ఎస్‌కి ముందే. మనకా బాధ లేదు. టీచరు గది, టీచర్ల గది అంటే వింటేనే తెలిసిపోతుంది.

తిప్పలన్నీ ఏకవచనంలోనే: ఇల్లు ఇంటి, ఊరు ఊరి, చెయ్యి చేతి. బహువచనానికి వస్తే ఇళ్ల, ఊళ్ల, చేతుల, అంతే. ‘రు’తో ముగిసేవి ‘రి’ అవుతాయి: అందరి, వారి, నాన్నగారి. పెళ్లి శుభలేఖల్లో ‘గారు యొక్క’ కనబడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మీ ఊళ్లో నవంబరు 14న బళ్లలో ‘మక్కళ దినాచరణె’ (పిల్లల దినోత్సవం) చేస్తారు కదా. ‘మక్కళు’ ‘మక్కళ’ అయింది. కన్నడం పక్కనే ఉండి మన సూత్రమే చెబుతోంది, అమ్మాయికి అదే చూపించండి.

మరి ‘యొక్క’ ఎక్కడిది? బడిలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని వల్లెవేశాం, పద్యాలకు ప్రతిపదార్థం రాస్తూ అలవాటు చేసుకున్నాం. అక్కడైనా ‘రాముని యొక్క’ అన్నామే గానీ ‘రాముడు యొక్క’ అనలేదు. కాబట్టి ‘యొక్క’ వాడి తీరాలంటే ‘పిల్లల యొక్క’ అనాలి.

ఇంకో కారణం ఇంగ్లీషు ఎస్. ‘ఫ్రెండ్స్’ అన్నాక ‘ల’ చేరడానికి చోటుండదు, అందుకే ‘ఫ్రెండ్స్ యొక్క ఇళ్లు’ అనేస్తారు. డాక్టర్లు, లాయర్లు అన్నట్టే ‘ఫ్రెండ్లు’ అనండి, ‘ఫ్రెండ్ల ఇళ్లు’ అని దానంతటదే వస్తుంది. ‘స్నేహితుల ఇళ్లు’ అంటే మరీ సంతోషం.