మీ తాత సన్నాయికి ఇనుము తగలనివ్వకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు "సన్నాయి శ్రుతి కలవట్లేదు మామయ్యా, రంధ్రాలు కాస్త గీకిస్తాను" అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ చూసుకునేదాకా ఆ కర్ర మీద కత్తి గానీ ఆకురాయి గానీ పెట్టకు.

అది మీ తాత ముప్ఫై ఏళ్లకు పైగా వాయించిన తిమిరి, అంటే పాతకాలపు పొట్టి సన్నాయి. నారేపి చేవతో చేసింది. ఆ కర్రనే తంజావూరు వైపు ఆచ్చా మరం అంటారు. కుంభకోణం దగ్గర నరసింగంపేటలో సన్నాయిలు చేసే ఆచారులు పచ్చి చెక్క జోలికి పోరు. పడగొట్టిన పాత ఇళ్ల కలప కొని, దాన్ని తొలిచి చేస్తారు. ఏళ్ల తరబడి ఎండి, ఇక వంగని, కుంచించుకోని కర్ర కావాలి వాళ్లకి. అలాంటి కర్రలోంచి నూలుపోగంత లేచిపోయినా మళ్లీ రాదు.

ముందు ఒక మాట అడుగుతాను. శ్రుతి కలవట్లేదన్నావు, దేనితో కలవట్లేదు? నీ శ్రుతిపెట్టెని హార్మోనియం మెట్ల లెక్కలో నాలుగున్నర శ్రుతికి పెట్టి దానికి సన్నాయిని ఈడుస్తున్నావని నా అనుమానం. మీ తాత కాలంలో పక్కన ఒత్తు, అంటే ఒకే స్వరం పట్టి ఉండే శ్రుతి సన్నాయి, వాయించేవాడు తన ఒత్తుని సన్నాయికి కలుపుకునేవాడు. హార్మోనియం మెట్టుకి సన్నాయి లొంగాలని ఎవరూ అడగలేదు. ఈ తిమిరి పుట్టిందే నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య. నీకు బాగా అలవాటైన పీక (నోట పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క) పెట్టి, పెదవి బిగించకుండా షడ్జమం పట్టు. అది ఎక్కడ నిలబడితే శ్రుతిపెట్టె మరను అక్కడికి తిప్పుకో. ఆ తరవాతే ఏ స్వరం తప్పుతోందో చూడాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

రెండోది వేళ. మీ ఊరి గుడిలో తెల్లవారుజామున సుప్రభాత సేవకి వాయించినప్పుడు కుంగింది, మధ్యాహ్నం పెళ్లి పందిట్లో ఎక్కువైంది అన్నావు. అది సన్నాయి తప్పు కాదు. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. రెండు పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, గొట్టంలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 3 సెంట్లు పైకి జరుగుతుంది. 10 డిగ్రీల తేడా ఉంటే 30 సెంట్లు. నీ ఊపిరి వేడి గొట్టాన్ని కొంత సమం చేస్తుంది కాబట్టి పూర్తిగా అంత రాదు గానీ చెవికి తెలిసేంత వస్తుంది. అందుకే పరీక్ష పెట్టేముందు పదినిమిషాలు వాయించి గొట్టాన్ని వేడెక్కనివ్వు. మూడు రోజులు ఒకే వేళకి చూడు.

ఇక పరీక్ష ఎలా చెయ్యాలో చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు. ఒక్కడివే ఫోన్లో ట్యూనర్ ముందు పెట్టుకుని వాయిస్తే నీ కన్ను ముల్లు మీద ఉంటుంది, పెదవి నీకు తెలియకుండానే దాన్ని మధ్యకి లాగేస్తుంది. సన్నాయిలో గమకమూ పెదవిదే, ఊపిరిదే. చిన్నప్పటి నుంచీ స్వరాన్ని సరిదిద్దుకోవడమే నేర్చుకున్న పెదవి అది, నిజం చెప్పదు. మీ చెల్లిని పక్కన కూర్చోబెట్టు. నువ్వు కళ్లు మూసుకుని ఒక్కో స్వరం నాలుగు లెక్కల సేపు గమకం లేకుండా ఊది ఆపు. ఎంత ఎక్కువో ఎంత తక్కువో ఆమె కాగితం మీద రాస్తుంది. రెండు స్థాయిలూ అయ్యేదాకా ఆ కాగితం నువ్వు చూడకూడదు. ఇదే పని మూడు వేర్వేరు పీకలతో చెయ్యి.

ఫోన్ ముల్లుని గాంధారం దగ్గర నమ్మకు. అది స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోసి అంతర గాంధారాన్ని 400 సెంట్ల దగ్గర పెడుతుంది. తంబురాలో వినబడే గాంధారం 386 దగ్గర ఉంటుంది. నీ గాంధారం 14 తక్కువ చూపిస్తే సంతోషించు, అది సరిగ్గా ఉన్నట్టే.

కాగితం చేతికొచ్చాక అందులో వరస ఎలా ఉందో చూడు. స్వరాలన్నీ ఒకే దిక్కుకి ఒకే మాదిరిగా జరిగితే పీకదో వేడిదో తప్పు. పీక మార్చినప్పుడు తప్పు కూడా మారిపోయిందా, కర్ర నిర్దోషి. కింది స్థాయి బాగుండి, పైకి వెళ్లేకొద్దీ కుంగుతోందా? పీక నలిగి మెత్తబడి ఉంటుంది, లేదా పీక తొడిగే ఇత్తడి గొట్టం ఉండాల్సినంత లోపలికి దిగలేదు. మన సన్నాయి గొట్టం పైన సన్నం, కిందికి వెడల్పు. పైన కొసన ఉన్న చోటు ఒక్క పిసరు ఎక్కువైతే కింది స్వరాలు పెద్దగా పట్టించుకోవు, పై స్వరాలు మాత్రం జారిపోతాయి. దానికి చుట్టిన దారం ఒక వరస విప్పి గొట్టాన్ని వెంట్రుకవాసి లోపలికి దించి చూడు. పైన మరీ ఎక్కువగా పలుకుతుంటే ఇంకో వరస చుట్టు. ఎంత దిగితే సరిపోయిందో దాని మీద పెన్సిలుతో గీత పెట్టుకో. మీ తాత పెట్టుకున్న పాత గీత కూడా ఉండాలి, మసక వెలుతుర్లో కనబడదు, ఎండలో తిప్పి చూడు.

కింది స్వరాలు గరగరలాడుతూ, ఊదినప్పుడల్లా ఒక్కో చోట పలుకుతున్నాయంటే గాలి ఎక్కడో పోతోంది. అణసు, అంటే కింది కొసన ఉండే గంట లాంటి మూతి, ఊడదీసి, ఏడు రంధ్రాలూ వేళ్లతో మూసి, అడుగున ఉన్న అయిదు రంధ్రాలనీ తేనెమైనంతో మూయించు. కింది కొసకి మీ చెల్లి అరచెయ్యి గట్టిగా ఆనించాలి. పైనుంచి గాలి పీల్చి నాలుకతో మూసెయ్. మంచి సన్నాయి నాలుకని పట్టుకుని కాసేపు వదలదు. వెంటనే వదిలేసిందంటే ఎక్కడో పగులు ఉంది. తడిగుడ్డతో కర్రంతా ఒకసారి తుడిచి ఆరనివ్వు. అంతా ఆరాక కూడా ఒకచోట సన్నటి నల్లగీత తడిగా మిగిలిపోతే పగులు అదే. తేనెమైనం కరిగించి గీతలోకి దించి, పైన పట్టుదారం బిగించి చుట్టు. నువ్వు ఈ మధ్య ఏసీ హాళ్లలో ఎక్కువగా వాయిస్తున్నావు కదా, నాకు ఈ అనుమానం గట్టిగానే ఉంది.

ఒకే ఒక్క స్వరం, ఏ పీక పెట్టినా, ఏ వేళలో అయినా, రెండు స్థాయిల్లోనూ తప్పుతోందంటే అప్పుడు రంధ్రం దగ్గరికి వెళ్లు. అప్పుడు కూడా ముందు శుభ్రం చెయ్యి. ఏళ్ల నాటి చెమట, నూనె, పాత మైనం అంచుల్లో పేరుకుని రంధ్రం చిన్నదవుతుంది, స్వరం కుంగుతుంది. ఆ రంధ్రంతో పాటు దానికి కింద ఉన్నవి కూడా చూడు. మెత్తటి గుడ్డ వెదురు పుల్లకి చుట్టి తియ్యి, ఇనుప చువ్వ వద్దు. స్వరం ఎక్కువగా పలుకుతుంటే పీక వైపు ఉన్న అంచున గోరంత మైనం అద్దు, దిగుతుంది. చాలకపోతే ఇంకొంచెం. ఎక్కువైతే తీసెయ్. మైనంతో ఉన్న సుఖం అదే.

మధ్యమం సంగతి వేరు. నీ కాగితంలో శుద్ధ మధ్యమం ఎక్కువగా కనబడుతుంది, నాకు తెలుసు. పాత తిమిరిల మధ్యమం అలాగే పుట్టింది, అటు శుద్ధమూ కాదు, ఇటు ప్రతి మధ్యమమూ కాదు. సన్నాయి విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారు దానికోసమే నరసింగంపేట రంగనాథ ఆచారితో పని చేయించుకున్నారు. శుద్ధ మధ్యమం తిన్నగా పలికే పొడుగు సన్నాయి, అంటే ఇప్పుడు అందరూ వాయించే బారి, అలా వచ్చింది. అది రాకముందు వాళ్లు ఈ తిమిరి మీదే వేలు సగం మూసి, ఊపిరి తగ్గించి శుద్ధ మధ్యమం పలికించారు. మీ తాత కూడా అంతే. ఆయన శంకరాభరణ రాగం విన్నవాళ్లెవరూ మధ్యమం తప్పిందనలేదు. కాబట్టి దాన్ని బాగుచెయ్యాల్సిన లోపంగా చూడకు, వేలికి నేర్పుకో.

ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. ఆ సన్నాయిలో పంచమం పలికే రంధ్రం లోపలి అంచున నల్లబడిన మైనం ముద్ద ఒకటి ఉంటుంది. అది నేను పెట్టిందే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, ఒక పెళ్లికి ముందురోజు పంచమం కుంగుతోందనిపించింది. నాన్న ఊళ్లో లేడు. చాకు మొనతో అంచు గీకాను. ఆ పూటకి బాగానే కలిసింది. నాన్న వచ్చి కొత్త పీక పెట్టి ఊదగానే పంచమం పైకి లేచిపోయింది. చచ్చిపోయిన పీకకి తగ్గట్టు నేను బతికున్న కర్రని కోశాను. ఆయన నన్నేమీ అనలేదు. మైనం వేడిచేసి నా చేతికిచ్చి, నువ్వే పెట్టు అన్నాడు. ఏడాదికోసారి అది మార్చాలి, ఎండాకాలం మెత్తబడి జారుతుంది. నీ పంచమం ఇప్పుడు ఎక్కువగా ఉందంటే మొదట చూడాల్సింది అదే.

బస్సులో మీ ఊరొచ్చే మనిషి చేతికి మూడు పీకలిచ్చి పంపుతున్నాను. రెండు తిరువావడుదురై నుంచి తెచ్చినవి, కొత్తవి, వాటిని వారం రోజులు రోజూ కాసేపు ఊది లొంగదీసుకో, ఆ తరవాతే పరీక్షకి వాడు. మూడోది నేను వాయిస్తున్నదే, ఎలా పలకాలో నీకు తెలియడానికి. పీక నోరు తెరిచే దంతపు సూదిని అందులో లోతుగా దూర్చకు.

కాగితాలు మూడూ నిండాక ఫోటో తీసి పంపు. అప్పటికీ ఏదో ఒక స్వరం మొండికేస్తే సన్నాయి తీసుకుని ఇక్కడికి వచ్చెయ్, ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య