మధ్యాహ్నం చేపలు తేలుతుంటే సున్నం వేయాలా?

అన్నా, పరకాల దగ్గర మీ కుంటకు పై పొలాల్లో యూరియా చల్లినప్పటి నుంచి మధ్యాహ్నం పూట రవ్వలు, బొచ్చెలు తేలుతున్నాయని, పొద్దున నీళ్ల పరీక్ష కిట్‌లో అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చిందని, సున్నం చల్లమని పక్కవాళ్లు అంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడు సున్నం చల్లకండి.

యూరియా నేరుగా చేపను చంపేంత విషం కాదు. బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు అమ్మోనియా వస్తుంది. కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో మొప్పల్లోంచి లోపలికి తేలిగ్గా దూరి చేపకు హాని చేసేది వాయు రూపంలో ఉన్న భాగం. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 9కి చేరితే దాదాపు 45 శాతం. ఎండకు పచ్చనాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను తినేస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది. తెల్లవారుజామున తేలితే ముందు ఆక్సిజన్ కొరతను అనుమానించాలి, మీది అది కాదనిపిస్తోంది.

మధ్యాహ్నం మూడు గంటలకు పీహెచ్ చూడండి. మేత పూర్తిగా ఆపండి. బోరు నీళ్లు పైనుంచి చిమ్ముతూ వదలండి, ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఉంటే రాత్రి కూడా నడపండి, ఎందుకంటే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆక్సిజన్‌ను బాగా లాగేస్తుంది. పై రైతులతో మాట్లాడి, యూరియా వేశాక కొన్ని రోజులు మడి నీళ్లు కుంటలోకి రాకుండా గండి కట్టించండి.