డీబీడీ రియాక్టర్‌లో గోధుమ రంగు పూత: సమాధానం

డీబీడీ (డైఎలక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్, అంటే మధ్యలో ఇన్సులేటర్ అడ్డుపెట్టి హై వోల్టేజ్‌తో ప్లాస్మా పుట్టించే) రియాక్టర్‌లో, తారుకి (బయోమాస్ గ్యాస్‌లో వచ్చే జిగట పదార్థానికి) నమూనాగా టోలుయీన్‌ని విడగొడుతుంటే గోడ మీద గోధుమ రంగు పూత పడుతోందని, డిశ్చార్జ్ అరగంటకే బలహీనపడుతోందని అడిగారు. పూతకి కారణం ఎక్కువగా రెండు: గోడ చల్లగా ఉండటం, నీటి ఆవిరి లేకపోవడం. మీరు నైట్రోజన్‌లో టోలుయీన్ మాత్రమే పంపుతున్నారు కాబట్టి ప్లాస్మా దాన్ని విడగొడుతుంది గానీ, విరిగిన ముక్కల్ని పట్టుకోవడానికి చాలినంత హైడ్రోజనో ఓహెచ్ రాడికల్సో (నీటి నుంచి వచ్చే చురుకైన ముక్కలో) లేక అవి ఒకదానికొకటి అతుక్కుని క్వార్ట్జ్ గోడ మీద పాలిమర్‌లా పేరుకుంటాయి. డిశ్చార్జ్ అరగంటకే బలహీనపడటం కూడా అందువల్లే కావచ్చు, పవర్ సప్లైని అనుమానించి టెన్షన్ పడకండి.

1. టోలుయీన్ ఆపి, లైన్‌ని నైట్రోజన్‌తో బాగా ఊదాకే గాలి పంపి ప్లాస్మా ఆన్ చేయండి, పూత చాలావరకు కాలిపోతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఇన్‌లెట్ పైపుకి హీటింగ్ టేప్ చుడతారు, రియాక్టర్‌ని మాత్రం చల్లగా వదిలేస్తారు. రియాక్టర్‌ని ఫర్నేస్‌లో పెట్టి 300–400 డిగ్రీల సెల్సియస్‌లో నడపండి. అసలు తారులో ఉండే నాఫ్తలీన్ 80 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, టోలుయీన్‌తో ఆ బాధ కనిపించదు.

3. గ్యాస్‌లో కొద్దిగా నీటి ఆవిరి కలపండి, పైన చెప్పిన ఓహెచ్ రాడికల్స్ దాన్నుంచే వస్తాయి.

టోలుయీన్ తగ్గిందని జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, గ్యాస్‌లో ఏది ఎంత ఉందో కొలిచే పరికరం) చూపిస్తే చాలదు, కార్బన్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్ళిన కార్బన్ ఎంత, బయటికి వచ్చింది ఎంత అనే లెక్క) వేయండి, లెక్కలో తగ్గిన కార్బన్‌లో చాలా భాగం ఆ గోడ మీదే ఉంటుంది.