యాప్ సగంలో ఉండగా ప్లాన్ మారితే తప్పు టీమ్‌దేనా?

అడిగినవారి సంగతి ఇది: నలుగురు స్నేహితులు కలిసి ఒక మొబైల్ యాప్ మొదలుపెట్టారు, మూడు నెలల్లో ప్లాన్ నాలుగుసార్లు మారింది. ముందే గట్టిగా ఆలోచించుకోకపోవడం వల్లే ఇలా అయిందా అని బాధపడుతున్నారు.

కాదండీ. ప్లాన్ మారని యాప్ అంటే ఎవరూ వాడని యాప్ అని నా గట్టి నమ్మకం. నేను తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక చిన్న టీమ్‌లో పనిచేస్తున్నాను. ఐదుగురం, అందులో టెస్టింగ్ నాది. రెండు నెలలు కూర్చుని వేసుకున్న మా ప్లాన్ ఒక పొద్దున గంటన్నరలో పోయింది. ఆ పొద్దున గురించే చెప్తాను.

ఒక ప్రైవేటు పాల కంపెనీవాళ్ళు యాప్ కావాలన్నారు. చిత్తూరు వైపు పల్లెల్లో రెండు పూటలా పాలు పోసే రైతులు తాము ఎన్ని లీటర్లు పోశారో, ఫ్యాట్ ఎంత వచ్చిందో, బిల్లు ఎంత అయిందో ఫోన్‌లో చూసుకోవాలి. మా ప్లాన్ చూడ్డానికి ముచ్చటగా ఉండింది. ప్రతి రైతుకూ ఫోన్ నంబరుతో ఓటీపీ లాగిన్. కేంద్రం నడిపేవాళ్ళకు వేరే స్క్రీన్, అందులో రైతుల ఫొటోలు, పేర్లు, పేరు కొట్టి వెతుక్కునే వీలు. ధరల చార్టు సర్వర్‌లో. ఫ్లట్టర్ అనే టూల్‌లో చేస్తే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఒకేసారి అయిపోతాయి. మే నెలాఖరుకు ప్లే స్టోర్‌లో. వారాలవారీగా గళ్ళు గీసి బోర్డు నింపేశాం.

2024లో సంక్రాంతి అయిన తర్వాత వారం, ఒక్కసారి కేంద్రం చూసొద్దాం అని మా లీడ్ అన్న పట్టుబట్టాడు. నాలుగు గంటలకు తిరుపతిలో బయలుదేరి, చంద్రగిరి దాటి, పూతలపట్టు దగ్గర లోపలి రోడ్డు పట్టాం. మంచు. కేంద్రమంటే ఒక చిన్న గది, ముందర రేకుల పంచ. ఐదున్నరకల్లా ముప్పై మంది దాకా స్టీలు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కేంద్రం నడిపే అక్క క్యాను అందుకుంటుంది, కాటా మీద పోస్తుంది, చిన్న గిన్నెతో తీసి మెషిన్ కింద పెడుతుంది, నోట్‌బుక్‌లో రాస్తుంది, చీటీ చింపి ఇస్తుంది. మళ్ళీ ఇంకో క్యాను. ఎక్కడా ఆగదు.

అప్పటిదాకా చేసిన యాప్ ఉన్న మా ఫోన్ ఆమె చేతికిచ్చాం. మొదటి క్యాను వచ్చింది. అక్క చేతులు పాలతో, నీళ్ళతో తడిగా ఉన్నాయి. తడి వేలు పెడితే స్క్రీన్ పట్టలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ నొక్కింది. పేర్ల జాబితా వచ్చింది. వెతుకుతోంది. వెనకాల నిలబడినామె "బిన్నా కానీ అక్కా, పిల్లోడికి బడి టైమైతాంది" అంది. అక్క నా వైపు చూసి, "పేర్లు యాడ వెతికేది పాపా, ఈమె పదిహేడు. పదిహేడు కొడితే చాలు గదా" అంది.

మా బోర్డు మీద ఆ పదిహేడు లేదు. ఆ ఊళ్ళో పాలు పోసే ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంది. అందరికీ అందరి నంబర్లూ నోటికొచ్చు. పేర్లు, ఫొటోలు అని మేమే కష్టపడ్డాం.

తర్వాత సేవ్ నొక్కితే గుండ్రం తిరుగుతూనే ఉంది. ఆ గదిలో సిగ్నల్ రాదట. రోడ్డు మీద వేపచెట్టు దాకా పోతే రెండు గీతలు వస్తాయి. క్యాను క్యానుకూ చెట్టు దాకా ఎవరు పోతారు? నాలుగో క్యానుకు అక్క ఫోన్ పక్కన పెట్టి నోట్‌బుక్ అందుకుంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాలు చల్లబరిచే కేంద్రానికి పోయే వ్యాను ఏడున్నరకు వస్తుంది, అది మా యాప్ కోసం ఆగదు.

వరస అయిపోయాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "నిన్న మాపు నాకు ఫ్యాట్ ఎందుకు తగ్గిందో ఇందులో తెలుస్తాదా మా?" అని అడిగాడు. మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు తాతా అన్నాను. "నాకు ఫోను యాడిది మా. మావోడు బెంగళూరులో ఉండాడు, వాడికి పంపిస్తే వాడు చూసి చెప్తాడు" అన్నాడు. ఇంకొకామె తన నంబరు, అత్తగారి నంబరు వేరే వేరే అనీ, ఫోన్ మాత్రం ఇంటికి ఒకటే అనీ చెప్పింది. ఒక ఫోన్ నంబరుకు ఒక రైతు అనే లెక్క మీదే మా డేటాబేస్ అంతా కట్టాం. అక్కడికి అది కూడా పోయింది.

తిరుగు దారిలో చంద్రగిరిలో ఇడ్లీ తింటూ మా లీడ్ అన్న పాత ప్లాన్‌లో సగం కొట్టేశాడు. ఐఫోన్ వెర్షన్ తీసేశాం, ఆ వరసలో ఒక్క ఐఫోన్ కూడా కనపడలేదు. రైతుకు ఓటీపీ తీసేశాం. కేంద్రం స్క్రీన్ మీద పెద్ద పెద్ద అంకెలు మాత్రమే ఉంచాం. నంబరు కొట్టు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో నీళ్ళు, ఫ్యాట్ పోగా మిగిలే గట్టి పదార్థం), అంతే. రైతు ఎవరి ఫోన్‌కు మెసేజ్ పంపమంటే ఆ ఫోన్‌కు పోవాలి. బెంగళూరులో ఉన్న కొడుకుదైనా సరే.

సిగ్నల్ సంగతే అన్నిటికంటే సతాయించింది. ఎంట్రీ ముందు ఫోన్‌లోనే దాచుకోవాలి, నెట్ అందినప్పుడు సర్వర్‌కు పోవాలి. వినడానికి సులువుగా ఉంటుంది. టెస్టింగ్‌లో ఒకరి ఆరు లీటర్లు పన్నెండు అయ్యాయి. ఎంట్రీ సర్వర్‌కు చేరింది, చేరినట్టు జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది, ఫోన్ మళ్ళీ పంపింది. అప్పుడు ప్రతి ఎంట్రీకీ ఫోన్‌లోనే ఒక ప్రత్యేకమైన ఐడీ పుట్టేలా మార్చాం. అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ లెక్కలో కలపదు. ధరల చార్టు కూడా ఫోన్‌లోకి దింపాం, ఏ తేదీ నుంచి ఏ చార్టు అన్నది దాంతోపాటే. ఫ్యాట్ ఒక్క పాయింట్ అటూ ఇటూ అయినా లీటరు ధర మారుతుంది, పాత చార్టుతో లెక్క కడితే అన్యాయమయ్యేది రైతుకే.

చీటీ ప్రింటర్ ఇంకో రెండు వారాలు తినింది. చిన్న థర్మల్ ప్రింటర్‌కు తెలుగు పంపితే పిచ్చి గీతలు వచ్చాయి. వత్తులు, గుణింతాలు కలిపి రాయడం దానికి తెలియదు. చివరికి చీటీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాం. ఎస్సెమ్మెస్ దగ్గరా ఇదే తెలుగు బాధ. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, అందులో గుణింతాలూ వత్తులూ వేరే వేరేగా లెక్కకొస్తాయి. దాటితే రెండో మెసేజ్ డబ్బులు. పైగా మన దేశంలో కంపెనీ పేరుతో మెసేజ్ పంపాలంటే దాని నమూనాను ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో నమోదు చేయించాలి. ఒక్క పదం మార్చాలన్నా మళ్ళీ నమోదు. ఇవేవీ మా గళ్ళ బోర్డు మీద లేవు.

భాష మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్తాను. తెలుగు యాప్ అంటే చాలు, ఎక్కడలేని పుస్తకాల తెలుగు తెచ్చి పెడతారు. మా మొదటి స్క్రీన్‌లో "కొవ్వు శాతం", "సమర్పించు" అని ఉండేవి. అక్క "సమర్పించు అంటే గుడికా?" అని అడిగింది, నిజంగానే అర్థంకాక. ఫ్యాట్ అని రాయండి, సేవ్ అని రాయండి. జనం నోట్లో ఉన్న మాటే వాళ్ళ భాష.

ఇక నాకు కోపం వచ్చే మార్పుల గురించి. ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్. యాప్ తెరవగానే దాణా ప్రకటన ఐదు సెకన్లు రావాలట. "చిన్న మార్పే కదమ్మా" అన్నారు. పొద్దున ఐదున్నరకు వరసలో నిలబడినవాళ్ళ ముందు ఐదు సెకన్లు అంటే ఎంతో వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. మేము ఒప్పుకోలేదు. నెల రోజులు గొడవపడి, ప్రకటన చీటీ అడుగున ఒక లైనుగా పెట్టాం.

ఇలాంటివి అడిగేవాళ్ళు మాట్లాడితే అజైల్ అంటారు, అంటే సాఫ్ట్‌వేర్‌ను కొంచెం కొంచెంగా, మార్చుకుంటూ చేసే పద్ధతి. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాసిన అజైల్ మేనిఫెస్టోలో, ప్లాన్ పట్టుకుని వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడానికి ఎక్కువ విలువ ఇస్తాం అని ఉన్న మాట నిజమే. ప్లాన్‌కు కూడా విలువ ఉంది అని వాళ్ళే కింద రాశారు. ఆ కింది లైను మాత్రం మీటింగుల్లో ఎవరూ చదవరు.

చివర్లో ప్లే స్టోర్ కూడా ఒక దెబ్బ కొట్టింది. త్వరగా అయిపోతుందని వ్యక్తిగత డెవలపర్ ఖాతా తెరిచాం. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన అలాంటి ఖాతాలకు, 20 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు యాప్ ఉంచుకుని పరీక్షించాకే అందరికీ విడుదల చేయాలని అప్పటి గూగుల్ నియమం. తర్వాత 2024 డిసెంబర్‌లో దాన్ని 12 మందికి తగ్గించారు. మాకు ఆ 20 మందీ దొరికింది పల్లెలోనే. అక్క, ఆమె తమ్ముడు, వరసలో నిలబడే ఆడవాళ్ళ పిల్లలు. మే అనుకున్నది ఆగస్టుకు పోయింది. ఆ ఆలస్యానికి నేను ఇప్పటికీ బాధపడను.

మీరూ ఒక పని చేయండి. మీ నాలుగు మార్పులూ కాగితం మీద రాసి, ఒక్కోదాని ఎదురుగా అది ఎవరి నోటినుంచి వచ్చిందో రాయండి. వాడేవాళ్ళ నోటినుంచి వచ్చినవి ఎన్నో, మీ నలుగురిలో ఒకరికి రాత్రి తట్టినవి ఎన్నో కింద కామెంట్‌లో పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.